మిగతా ఆరు రోజులు

(నల్లగొండలో ఒక సంఘం సాయంత్రపు కూడికలో, రిటైరైన ఏఎన్‌ఎం ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

పాస్టర్ అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, అక్కలకు, అన్నలకు, పిల్లలకు ప్రభువు నామంలో వందనాలు.

నాకు ఇచ్చిన అంశం ‘అనుదిన జీవితంలో నమ్మకత్వం’. నేను బోధకురాలిని కాను. ఏఎన్‌ఎంగా ఊళ్లల్లో తిరిగి రిటైరైన మనిషిని. గర్భవతుల పేర్లు రాసుకోవడం మొదలు, పుట్టిన పిల్లలకు టీకాలు వేయించి వాళ్లు బడికి పోయేదాకా ఇండ్ల చుట్టూ తిరగడమే మా పని. అందుకని ఈ అంశాన్ని ఇండ్ల లోపలి నుంచే చెప్పగలను. ఒక్క వాక్యభాగం తీసుకుంటాను. లూకా సువార్త 13వ అధ్యాయం, 10వ వచనం నుంచి 17వ వచనం దాకా. బైబిళ్లు తెరవండి.

విశ్రాంతి దినం. అంటే యూదులు ఏ పనీ చేయకూడని శనివారం. యేసు ప్రభువు ఒక సమాజమందిరంలో, అంటే యూదుల ప్రార్థనా స్థలంలో, బోధిస్తున్నాడు. అక్కడ ఒక స్త్రీ ఉంది. పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయి ఉంది, నిటారుగా నిలబడలేదు. ప్రభువు ఆమెను చూశాడు, పిలిచాడు. “అమ్మా, నీ బలహీనతనుండి విడుదల పొందియున్నావు” అన్నాడు. చేతులుంచాడు. ఆమె చక్కగా నిలబడి దేవుణ్ణి మహిమపరిచింది. అది చూసి సమాజమందిరపు అధికారి మండిపడ్డాడు. పని చేసుకోవడానికి ఆరు రోజులు ఉన్నాయి కదా, ఆ రోజుల్లో వచ్చి బాగు చేయించుకోండి, విశ్రాంతి దినాన రావద్దు అన్నాడు.

వేరే జిల్లాల వాళ్లు ఈ భాగం చదివితే నడుము వంగిన మనిషిని ఊహించుకోవాలి. మనకు ఆ అవసరం లేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు నుంచి వచ్చినవాళ్లు ఈ కూడికలో ఉన్నారు. మీ ఇండ్లల్లోనే ఉన్నారు అట్లాంటి వాళ్లు. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. కింద కూర్చుంటే లేవలేరు, లేస్తే కూర్చోలేరు. నేను డ్యూటీలో చేరిన కొత్తలో నలభై ఏళ్ల మనుషులు కర్ర పట్టుకొని నేల చూస్తూ నడుస్తుంటే వాళ్లు ముసలివాళ్లనుకునేవాళ్లం.

అదెందుకు వస్తుందో ఈ తరం పిల్లలకు చెప్పాలి. మన కాళ్ల కింద ఉన్న గ్రానైట్ రాయిలో ఫ్లోరైడ్ ఎక్కువ. భూమిలోకి ఇంకిన నీళ్లు ఆ రాయిలో ఏళ్ల తరబడి నిలిచి ఉండి దాన్ని కరిగించుకుంటాయి. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దగ్గర కొన్ని బావుల్లో, బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. చిన్నప్పుడు తాగితే పళ్ల మీద పసుపు, గోధుమరంగు చారలు పడతాయి. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు మందమవుతాయి, కీళ్లు బిగుసుకుపోతాయి, వెన్నెముక కదలకుండా గట్టిపడుతుంది. ఒకసారి ఆ దశకు వచ్చిన ఎముకను వెనక్కి తెచ్చే మందు లేదు. ముందే మంచినీళ్లు ఇవ్వడం ఒక్కటే దారి.

ఇది తెలియని రోజుల్లో మా ఊళ్లల్లో ఏమనేవాళ్లు? శాపం అనేవాళ్లు. ఎవరిదో పాపం తగిలింది అనేవాళ్లు. మన సంఘాల్లో కూడా అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. ‘ఆమెకు విశ్వాసం సరిపోలేదు, అందుకే స్వస్థత రాలేదు’ అని కుర్చీలు సర్దుకుంటూ మాట్లాడుకునే మాటలు నా చెవిన పడ్డాయి. దయచేసి ఆ మాట ఆపండి. ఇదే లూకాలో ప్రభువు ఆమెను ‘నీ పాపం ఏంది’ అని అడగలేదు. ‘నీకు విశ్వాసం ఉందా’ అని కూడా అడగలేదు. యోహాను 9వ అధ్యాయంలో పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు ‘ఎవడు పాపము చేసెను’ అని అడిగితే, వాడూ కాదు, వాని కన్నవాళ్లూ కాదు అన్నాడు ప్రభువు. నీళ్లలో ఉన్న దోషాన్ని మనిషి మీద రుద్దడం దేవుని పేరు మీద చేసే అన్యాయం.

ఇప్పుడు 12వ వచనం చూడండి. ‘యేసు ఆమెను చూచి’ అని ఉంది. ఇంకా ఆమె ఏమీ అడగలేదు. గుడ్డివాడైన బర్తిమయి లాగా కేకలు వేయలేదు. పన్నెండేళ్ల రక్తస్రావం ఉన్న స్త్రీ లాగా వచ్చి చెంగు ముట్టలేదు. మనుషుల మధ్య ఎక్కడో ఉంది. బోధ చేస్తున్న మనిషి బోధ ఆపి ఆమెను చూశాడు.

ఆపిన తర్వాత ఏమైందో కూడా ఆలోచించండి. రమ్మని పిలిచాడు. నడుము వంగిన మనిషి పిలవగానే రాలేదు. ఒక్కో అడుగు వేసుకుంటూ, దారిలో ఉన్నవాళ్లను జరగమంటూ రావాలి. అంతసేపూ ప్రసంగం ఆగిపోయింది. మందిరమంతా ఆమె కోసం ఎదురుచూసింది. పద్దెనిమిదేళ్లలో ఆ మందిరం ఆమె కోసం ఆగడం అదే మొదటిసారి అయి ఉంటుంది. నాకైతే స్వస్థత కంటే ముందు జరిగిన ఈ ఆగడం కూడా అద్భుతం లాగే కనిపిస్తుంది.

పద్దెనిమిదేళ్లంటే తొమ్మిది వందలకు పైగా విశ్రాంతి దినాలు. ఆమె అన్ని వారాలూ ఆ మందిరానికే వచ్చిందని వాక్యం చెప్పలేదు, నేనూ చెప్పను. కానీ అందరికీ తెలిసిన మనిషే. ఎన్నేళ్లుగా ఈ బాధ ఉందో లూకా లెక్కతో సహా రాశాడు. అందరికీ తెలిసిన మనిషిని ఎవరూ చూడటం లేదు. రోజూ కనిపించేది కంటికి అలవాటైపోతుంది. మా సబ్ సెంటర్ పరిధిలో అది బాగా ఎరుకైంది నాకు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఒక ఊరికి పోయి, ‘ఇంతమంది వంగి నడుస్తున్నారేంటి’ అని నిలబడిపోయింది. ఊళ్లో వాళ్లకు ఆ ప్రశ్నే విచిత్రంగా అనిపించింది.

అధికారి సంగతికి వద్దాం. ఆయన కూడా చూశాడు, కానీ ఎవరిని? 14వ వచనంలో ‘జనసమూహమును చూచి’ అని ఉంది. ఆమెతో మాట్లాడలేదు, ప్రభువుతోనూ మాట్లాడలేదు. గుంపును చూసి రూల్ చెప్పాడు. మా డిపార్ట్‌మెంట్‌లోనూ, సంఘంలోనూ, ఇంట్లోనూ ఇట్లా మాట్లాడేవాళ్లు ఉంటారు. ఎదురుగా ఉన్న మనిషితో చెప్పాల్సిన మాటను పక్కవాళ్లను చూస్తూ చెబుతారు. కోడలికి చెప్పాల్సింది గిన్నెలకు చెప్పే అత్తలు మనకు తెలియదా?

ఆయన అన్న మాటలో ఒకటి మాత్రం నన్ను పట్టుకుంది. ‘ఆరు దినములు కలవు గనుక’ అన్నాడు. నిజమే, ఆరు రోజులు ఉన్నాయి. వాళ్లకు ఆదివారం నుంచి శుక్రవారం దాకా ఉన్నాయి. మరి ఆ పద్దెనిమిదేళ్లలో వచ్చిన ఆరేసి రోజుల్లో ఆమె కోసం ఏం చేశావయ్యా? ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదు. నేను ఈ సాయంత్రం మనల్ని అడుగుతున్నాను. ఆదివారం మనం ఎట్లా ఉంటామో అందరికీ తెలుసు. ఇస్త్రీ బట్టలు, బైబిలు సంచి, ముందు వరుసలో చోటు. మిగతా ఆరు రోజులు మన కండ్లు ఎటు చూస్తున్నాయి?

మొదట ఇంటి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే నాకు బాగా తెలిసింది అదే.

మేం ఏ ఆడమనిషిని చూసినా మొదట చేసే పని ఒకటుంది. కింది కనురెప్ప కొంచెం లాగి లోపల చూస్తాం. ఎర్రగా ఉండాలి. పాలిపోయి తెల్లగా ఉంటే రక్తం తక్కువ. మందు ఖర్చు లేదు, మిషన్ అక్కర్లేదు. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. మన సంఘాల్లో ఆ లెక్క తక్కువేం ఉండదు. ఒక ఇంటికి పోయాను, విశ్వాసుల ఇల్లే. రోజూ కుటుంబ ప్రార్థన చేసే ఇల్లు. గోడ మీద వాక్యపు క్యాలెండరు. ఆ ఇంటి కోడలు మెట్లెక్కుతూ గోడ పట్టుకొని ఆగుతోంది, ఆయాసం. రెప్ప లాగి చూస్తే తెల్లగా ఉంది. ‘ఎన్నాళ్ల నుంచి బిడ్డా’ అంటే ‘ఎప్పుడూ ఇంతే ఆంటీ’ అంది. భర్త అక్కడే ఉన్నాడు, మంచివాడు, తాగుడు లేదు. ఆమె ఆగి ఆగి మెట్లెక్కడం ఆయన రోజూ చూస్తున్నాడు. కానీ అది జబ్బని ఆయన కంటికి ఆనలేదు. అందరికీ పెట్టి చివర గిన్నెలో మిగిలింది ఆమె తింటుంది. అది కూడా ఆయన రోజూ చూస్తున్నదే.

నేను ఆయనకు ఐరన్ మాత్రల గురించి చెప్పాను, అది నా డ్యూటీ. భోజనానికి ముందు చేసే ప్రార్థన గురించి కూడా చెప్పాను, అది నా విశ్వాసం. ‘ఈ ఆహారం కోసం స్తోత్రం’ అని కండ్లు మూసుకుంటాం కదా. ఆమెన్ అన్నాక కండ్లు తెరిచి, ఎవరి కంచంలో ఏముందో ఒక్కసారి చూడమన్నాను. ఆ ఇంట్లో తర్వాత అందరూ కలిసి తినడం మొదలుపెట్టారు. అక్కలారా, మీ ఇండ్లల్లో కూడా ఇది చేయండి. అన్నలారా, చూడాల్సింది మీరే.

ఇక పొలం దగ్గరకి వద్దాం. మనలో సగం మంది కైకిలి, అంటే కూలికి, పోయేవాళ్లు, సగం మంది కైకిలి పెట్టుకునేవాళ్లు. కొందరం సీజన్‌ను బట్టి రెండూ. పత్తి ఏరితే కిలోకు ఇంత అని లెక్క. సాయంత్రం తూకం దగ్గర ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. తడి ఉందని కొంత, చెత్త ఉందని కొంత, సంచి బరువని కొంత తీసేస్తారు. డబ్బులు ‘ఎల్లుండి తీసుకో’ అంటారు. ఆ రైతునే మార్కెట్లో తరుగు పేరు మీద ఇంకొకరు కోస్తారు, అదీ నిజం. రైతు పడే టెన్షన్ నేను కాదనను. కానీ పైవాడు మనల్ని కోశాడని మనం కిందివాళ్లను కోయడానికి వాక్యం ఒప్పుకోదు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో ఏనాటి కూలి ఆనాడే, సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలని ఉంది. ఎందుకో కూడా అక్కడే ఉంది. వాడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకున్నాడు. దేవుడు ఆ సాయంత్రం అతని ఇంట్లో పొయ్యి సంగతి చూశాడు. సామెతలు 11వ అధ్యాయం మొదటి మాటే దొంగత్రాసు గురించి. ‘యెహోవాకు హేయము’ అని ఉంది.

ఒక సంఘ సభ్యుడు నాతో అన్నాడు, ‘అక్కా, నేను దశమభాగం, రాబడిలో పదో వంతు, సంఘానికి సరిగ్గా ఇస్తున్నాను’ అని. సంతోషం. అది ఇచ్చే ముందు కూలివాళ్లకు బాకీ ఏమైనా ఉందా చూసుకోమని చెప్పాను. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో బిగపట్టిన కూలి మొర పెడుతుందని రాసి ఉంది. మన కీర్తనల శబ్దం కంటే ఆ మొర ముందు వినిపిస్తుందని నేను నమ్ముతాను.

ఫోన్ గురించి నేను ఎక్కువ చెప్పను, పిల్లలకు రోజూ చెబుతూనే ఉన్నాం. పెద్దవాళ్లకే ఒక్క మాట. మనిషి ఇంటికి వచ్చి కష్టం చెప్పుకుంటుంటే మధ్యలో ఫోన్ చూడకండి, అంతే.

ప్రభువు ఆ అధికారికి ఇచ్చిన జవాబు చూడండి. మీరు విశ్రాంతి దినాన కూడా ఎద్దునో గాడిదనో గాడి దగ్గర నుంచి విప్పి, తోలుకొని పోయి నీళ్లు పెట్టరా అన్నాడు. నీళ్ల మాట. నల్లగొండలో ఈ వచనం చదువుతుంటే నా గొంతు పట్టేస్తుంది. మన ఎద్దుకు దాహమైతే మనకు తెలుస్తుంది, అది మనది కాబట్టి. దాని డొక్క చూసి పసిగడతాం. మనది అనుకున్నదాన్ని మనం చూస్తాం. ఆ స్త్రీని ఎవరూ ‘మన మనిషి’ అనుకోలేదు.

మన నీళ్ల కథ కూడా వినండి. ఫ్లోరైడ్ తీయడానికి 1970లలో నాగపూర్‌లోని ‘నీరి’ అనే పరిశోధన సంస్థ ఒక పద్ధతి తయారుచేసింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. మన ఊరి పేరు ఆఫ్రికా దేశాల్లో నీళ్ల ఇంజనీర్ల నోట్లో నానుతున్నదంటే ఆ కారణమే. పద్ధతి కష్టమైందేం కాదు. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం వేసి, బాగా కలియబెట్టి, మడ్డి కిందికి దిగేదాకా ఆగి, పైన తేరిన నీళ్లు తీసుకోవాలి. కానీ పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో, నీటి గుణం ఎట్లుందో దాన్ని బట్టి మారుతుంది. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు. ఎక్కువైతే పటిక నీళ్లలోనే మిగులుతుంది. అడుగున చేరిన మడ్డిని రోజూ తీసేయాలి. ఒకరు రోజూ పట్టించుకోవాలి. చాలా చోట్ల ఆ ప్లాంట్లు మూలపడ్డాయి. రిబ్బన్ కట్ చేసిన రోజు అందరూ ఉన్నారు, పటిక తూచాల్సిన మామూలు రోజున ఎవరూ లేరు. మన భక్తిలో కూడా నేను ఇదే చూస్తాను. ఉజ్జీవ కూడికలకు వేల మంది వస్తారు. మంగళవారం పొద్దున పది నిమిషాలు వాక్యం చదివి, ఈ రోజు ఎవరిని కలవబోతున్నానో వాళ్ల పేర్లు పెట్టి ప్రార్థన చేసేవాళ్లు కొద్దిమందే.

నీళ్ల కోసం మన జనం చేసింది ఇంకొకటి ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. మంచినీళ్ల కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపు మీద ఫ్లోరైడ్ బాధితులు, రైతులు, మామూలు మనుషులు నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకం అంత అయింది. ఎన్నిక వాయిదా వేయాల్సి వచ్చింది. గెలుస్తామని వాళ్లు నిలబడలేదు. మమ్మల్ని చూడండి అని దేశానికి చెప్పడానికి నిలబడ్డారు. ‘రాజకీయాలు మనకెందుకు, ప్రార్థన చేద్దాం’ అని అప్పట్లో కొన్ని సంఘాల్లో అన్నారు. ప్రార్థన చేయాల్సిందే. కానీ వంగిన నడుముల మధ్య ఉండి, నీళ్ల కోసం నోరు విప్పడం లోకసంబంధమైన పని అనుకుంటే, ఎద్దుకు నీళ్లు పెట్టడం గురించి ప్రభువు అన్న మాట మనకు అర్థం కాలేదన్నట్టే.

ఇప్పుడు మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. ఈ తరం పిల్లల పళ్లు చూస్తే నాకు కండ్ల నీళ్లు వస్తాయి, తెల్లగా ఉన్నాయి. అమ్మలారా, నల్లా రాని రోజున బోరింగు నీళ్లు పట్టి పిల్లలకు తాగించకండి, వంటకు కూడా వాడకండి. ‘ఆ నీళ్లే రుచిగా ఉంటాయి’ అని పెద్దవాళ్లు అంటారు. ఒక బిందె ముందు రోజే పట్టి మూత పెట్టుకోండి. ఇది కూడా నేను వాక్యం చెబుతున్నాననే అనుకుంటున్నాను.

ప్రభువు ఆమెకు ఇచ్చిన పేరు గురించి చెప్పాలి. 16వ వచనం. ‘అబ్రాహాము కుమార్తె’ అన్నాడు, అంటే మన మూలపురుషుని వంశపు బిడ్డ అని. గూనిది, కుంటిది అని పిలిచే ఊళ్లో అందరి ముందు ఆ మాట అన్నాడు. మన సంఘాల పుట్టుక తెలిసినవాళ్లకు ఈ మాట విలువ తెలుసు. అబ్రహాము ఫ్రీజెన్, మరియ అనే దంపతులు 1889లో రష్యా దేశం నుంచి బయలుదేరి మన దేశానికి వచ్చారు. మరుసటి ఏడు నల్లగొండలో పని మొదలుపెట్టారు. వాళ్లు మెన్నొనైటు అనే క్రైస్తవ శాఖ విశ్వాసులు, అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి పనిచేశారు. వాళ్లను విన్నవాళ్లలో ఎక్కువమంది ఊరి బయట వాడల్లో ఉన్న మన తాతముత్తాతలే. ఊళ్లోకి చెప్పులేసుకొని పోలేని మనుషులు. పెద్దమనిషి అయినా ‘ఒరేయ్’ అని, సగం పేరుతో పిలిపించుకున్న మనుషులు. బాప్తిస్మం రోజున వాళ్ల పూర్తి పేరు పలికారు, రిజిస్టర్‌లో రాశారు. ఆ తర్వాత బైబిల్ స్త్రీలు అని పిలిచే బోధకురాళ్లు ఊరూరా కాలినడకన పోయి ఇండ్లల్లో ఆడవాళ్ల పక్కన కూర్చొని పేరు పెట్టి మాట్లాడారు. అట్లా ఒకరు మన పేరు అడిగి గుర్తు పెట్టుకున్నారు కాబట్టే మనం ఈ రోజు ఇక్కడ ఉన్నాం. అట్లాంటి సంఘంలో, పొద్దున వచ్చి మందిరం ఊడ్చిపోయే అమ్మ పేరు ఎంతమందికి తెలుసు? నేను అడిగి చూశాను. చాలామందికి తెలియదు. ఆమె పేరు నేను ఇక్కడ చెప్పను. మీరే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు అందరి మనసులో ఉన్న ప్రశ్న. ఆ స్త్రీ నిలబడింది. మన వాళ్లు నిలబడలేదు కదా?

నిలబడలేదు. నేను దాన్ని మెత్తగా చెప్పదలుచుకోలేదు. చేతులుంచి ప్రార్థన చేశాం, ఉపవాసాలు ఉన్నాం. ఆ ఎముకలు అట్లానే ఉన్నాయి. వంగిన నడుముతోనే ప్రభువు దగ్గరకు పోయినవాళ్లను పెట్టెలో సరిగా పడుకోబెట్టలేక ఇంటివాళ్లు ఏడ్చిన ఏడుపు నేను చూశాను. పునరుత్థాన దినాన వాళ్లు చక్కగా నిలబడతారని నేను నమ్ముతున్నాను, ప్రాణం పెట్టి నమ్ముతున్నాను. కానీ ఆ నమ్మకాన్ని ఈ రోజు ఏమీ చేయకుండా ఉండటానికి వాడుకోకూడదు. ప్రభువు ఆ రోజు చేసినవాటిలో ఒకటి మన చేతిలో లేదు, నడుమును నిలబెట్టడం. మిగతావన్నీ మన చేతిలో ఉన్నాయి. చూడటం, మాట్లాడుతున్నది ఆపడం, పిలవడం, వచ్చేదాకా ఆగడం, అమ్మా అనడం, చేయి వేయడం, ఎవరైనా ఆమెను తక్కువ చేస్తే అందరి ముందు ఆమె తరఫున మాట్లాడటం. వరుసగా లెక్కపెడితే ఆ భాగంలో ఎక్కువ పనులు మనం చేయగలిగినవే.

మా పనిలో పెద్ద సిస్టర్ ఒకరు నాకు నేర్పిన సంగతి ఒకటుంది. నడుము వంగినవాళ్లతో మాట్లాడేటప్పుడు నిలబడి మాట్లాడకూడదు. వాళ్లు తల ఎత్తలేరు. మన కాళ్లతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. కింద కూర్చోవాలి, లేదా చిన్న పీట వేసుకొని, మన ముఖం వాళ్ల కండ్ల కిందికి వచ్చేటట్టు కూర్చోవాలి. అప్పుడు వాళ్లు మన ముఖం చూడగలుగుతారు. నేను మొదటిసారి అట్లా కూర్చున్నప్పుడు ఒక అవ్వ నా ముఖం మీద చేయి పెట్టి, ‘నువ్వు ఇట్లుంటవా బిడ్డా’ అంది. నేను అంతకు ముందు ఎన్నోసార్లు ఆ ఇంటికి పోయి వచ్చాను. ఆమెకు నా గొంతు, నా చెప్పులు మాత్రమే తెలుసు.

దేవుడు శరీరధారి అయ్యాడని మనం క్రిస్మస్‌కు పాడుకుంటాం. మన కంటి ముందుకు ఆయన ముఖం రావడానికి ఆయన ఎంత కిందికి వచ్చి కూర్చున్నాడో, ఆ అవ్వ చేయి నా చెంప మీద ఉన్నప్పుడు నాకు కొంచెం తెలిసింది.

ఇక నేను రెండు విన్నపాలు చేసి కూర్చుంటాను. అయ్యగారితో ముందే మాట్లాడాను, చెప్పమన్నారు.

మొదటిది పిల్లలకు, యూత్‌కు. మన సభ్యుల్లో దేవరకొండ వైపు నుంచి, అచ్చంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల ఊళ్లల్లో కొడుకులు, కోడళ్లు పనికి పట్నం, ముంబై, పూణె పోతే ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఇంటి దగ్గర మిగిలారు. మీరు శనివారం పోయి కలవండి. పాటలు పాడి, ఫోటో తీసుకొని వచ్చేయకండి. మందులు అయిపోయాయా, పెన్షన్ వచ్చిందా, ఫోన్లో కొడుకుతో మాట్లాడించాలా, అడగండి. అడిగాక జవాబు చెప్పేదాకా ఆగండి. వాళ్లు మెల్లగా చెబుతారు, మధ్యలో వేరే సంగతి చెబుతారు, మళ్లీ మొదటికి వస్తారు. వినండి.

రెండోది సంఘ పెద్దలకు. ప్రభువు బల్ల రోజున మనం అందరినీ వరుసలో ముందుకు రమ్మంటాం. మెట్లెక్కలేనివాళ్లు, వంగలేనివాళ్లు, నిలబడలేనివాళ్లు వెనక కూర్చొని ఉంటారు. వరుస అయిపోయాక ఎవరికైనా గుర్తొస్తే తీసుకుపోయి ఇస్తారు, లేకపోతే లేదు. వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి రొట్టె, ద్రాక్షారసం మొదట వెనక్కే తీసుకొని పోండి. వాళ్ల ముందు పీట వేసుకొని కూర్చొని, పేరు పెట్టి పిలిచి ఇవ్వండి. వాళ్లకు ఇవ్వడం అయ్యాక మేం వరుసలో వస్తాం. ఎంతసేపు పట్టినా మేం ఆగుతాం. పీటలు మా ఇంట్లో ఉన్నాయి, శనివారమే తెచ్చి పెడతాను.

ప్రార్థన చేద్దాం.